ఆమె గిన్నెలోకి తొంగిచూసే ముందు
(కూడు–కులం: 9వ భాగం)



పోయిన వారం ఒక రీల్ మన విద్యార్థి గ్రూపులన్నిట్లో తిరిగింది. మీలో చాలామంది చూసే ఉంటారు. అమెరికాలో ఉద్యోగం చేసుకుంటున్న ఒక తెలుగు కుర్రాడు సూపర్‌మార్కెట్ ముందు కార్లో కూర్చుని, ఎదురుగా నడిచిపోతున్న ఒక నల్లజాతి మహిళను ఆమెకు తెలియకుండా ఫోన్లో తీశాడు. ఆమె ఒక చేతిలో వేయించిన చికెన్ డబ్బా, ఇంకో చేతిలో పెద్ద కూల్‌డ్రింక్. లావుగా ఉంది. అలసిపోయి నడుస్తోంది. వెనకాల మనవాడి వ్యాఖ్యానం: తినడం తెలియని జాతి అంట. బీపీ, షుగర్ అన్నీ వాళ్లకే అంట. మన పప్పు, చారు, పెరుగన్నం ఎంత సైంటిఫిక్కో వాళ్లను చూస్తే అర్థమవుతుందంట. మధ్యలో వాడిన ఒక మాట నేనిక్కడ రాయను.

వాడి మీద నాకు పెద్దగా ఆశ్చర్యం లేదు. ఊరి నుంచి పోతూ పాస్‌పోర్టుతో పాటు ఊరి చూపును కూడా మోసుకుపోయాడు. నన్ను కోసింది కింద ఉన్న నవ్వు ఎమోజీలు. అందులో బాబాసాహెబ్ ఫొటో డీపీగా పెట్టుకున్నవాళ్లు ఆరుగురున్నారు. 2012 ఏప్రిల్ 15న ఉస్మానియాలో జరిగిన పెద్దకూర పండుగ ఫొటోలను ఏటా షేర్ చేసి "మా తిండి మా హక్కు" అని రాసేవాళ్లే. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ భాగం మీకోసమే రాస్తున్నా. కొంచెం పొడుగుంటది. ఓపికతో చదవండి.

ముందు ఒక నిజం ఒప్పుకుందాం. రోగం ఉంది. అమెరికాలో వయసొచ్చిన నల్లజాతి మహిళల్లో సగం మందికి పైగా అధిక రక్తపోటుతో ఉన్నారు. షుగర్, గుండెజబ్బు, పక్షవాతం తెల్ల మహిళలకంటే వాళ్లనే ఎక్కువగా పట్టుకుంటున్నాయి. దీన్ని దాచి "మా సంస్కృతి గొప్పది" అని పాట పాడితే అది ప్రేమ కాదు. గొడవంతా రోగం ఎక్కడి నుంచి వచ్చిందన్న దగ్గరే. రీల్ చేసినవాడూ, తెల్లకోటు వేసుకున్న డైటీషియనూ ఒకే జవాబు చెప్తారు: వాళ్ల వంటింట్లోంచి.

సరే, ఆ వంటింట్లోకే పోదాం.

ఆమె అమ్మమ్మ పొయ్యి మీద ఏముండేది? కొలార్డ్ ఆకు, ఆవాకు, టర్నిప్ ఆకు. గంటలకొద్దీ ఉడికించి, దిగిన రసాన్ని పారబోయకుండా మొక్కజొన్న రొట్టె ముంచుకుని తాగేవాళ్లు. దాన్ని పాట్‌లికర్ అంటారు. ఆకుల్లోంచి నీళ్లలోకి దిగిన సత్తువంతా అందులోనే ఉంటుంది. బొబ్బర్లు, బెండకాయలు, చిలగడదుంపలు, టమాటాలు, జొన్న పానకం. అక్కడి గంబో అనే వంటకం పేరే ఆఫ్రికా బంటూ భాషల్లో బెండకాయకున్న పేరు నుంచి వచ్చింది. ఈ జాబితాలో ఏముందని నవ్వుతారు? ఇవాళ ఏ ఆరోగ్య పత్రిక తెరిచినా తినమని చెప్పేవి ఇవే కదా.

ఇంకో సంగతి. బొబ్బర్లు, జొన్న, సజ్జ, రాగి అన్నీ ఆఫ్రికా ప్రజలు మచ్చిక చేసిన పంటలు. చింతచెట్టు పుట్టిల్లు ఆఫ్రికా. మన పుంటికూర, అదే ఆంధ్రమాత అని మురిసిపోయే గోంగూర, ఆ మొక్కదీ ఆఫ్రికా మూలమేనని వృక్షశాస్త్రజ్ఞులు చెప్తారు. జూన్‌టీన్త్ నాడు, అంటే 1865 జూన్ 19న టెక్సాస్‌లో బానిసలకు విముక్తి ప్రకటన చదివిన రోజున, నల్లజాతి కుటుంబాలు ఎర్రటి పానీయం తాగుతాయి. దాని మూలాల్లో ఒకటి పశ్చిమ ఆఫ్రికాలో గోంగూర జాతి మొక్క కాయల చుట్టూ ఉండే ఎర్ర రేకులను నానబెట్టి చేసే పానీయం. రీల్ కుర్రాడి పెరట్లో గోంగూర మడి తప్పకుండా ఉండి ఉంటుంది. అమెరికాలో తెలుగువాళ్లకు అదొక గుర్తు. చారులో చింతపండు ఆఫ్రికాది, పెరట్లో గోంగూర ఆఫ్రికాది. మరి తినడం తెలియనిది ఎవరికి?

(పక్కమాట: వాడు ఆ దేశంలో కాలుపెట్టడానికి దారి తీసిన 1965 వలస చట్టం కూడా నల్లవాళ్లు దెబ్బలు తిని సాధించిన పౌరహక్కుల ఉద్యమం వేడిలో వచ్చిందే. అది వేరే వ్యాసం.)

ఇక ఉప్పు పంది, పేగులు, పంది కాళ్లు. వీటి గురించే కదా ఎక్కువ ఎగతాళి. ఫ్రెడరిక్ డగ్లస్ 1845లో అచ్చేసిన ఆత్మకథలో తమకు కొలిచి ఇచ్చిన తిండి లెక్క రాశాడు. నెలకు 8 పౌండ్ల పందిమాంసం, లేకపోతే అంత విలువ చేసే చేప, ఒక బుషెల్ మొక్కజొన్న పిండి. సూర్యోదయం నుంచి చీకటి దాకా పొలంలో నడుం వంచే మనిషికి నెలంతా అదే. యజమాని తొడ మాంసం తిన్నాడు. పేగులు, కాళ్లు, మెడ బానిసలకు వచ్చాయి. వాటిని తినే రుచికి తెచ్చింది ఎవరు? ఆడవాళ్లు. రాత్రి పని అయ్యాక గుడిసె పక్కన జానెడు జాగాలో ఆకుకూరలు వేసి, ఆ ఉప్పు ముక్కను రుచి కోసం అందులో పడేసి, పిల్లలకు విటమిన్లు పెట్టింది ఎవరు? వాళ్లే. ఆకు అక్కడి తెల్లవాళ్లదే, వండిన తీరు మాత్రం ఆఫ్రికాది.

ఇది చదువుతుంటే మీకు మన బోటి గుర్తు రాలేదా? నల్ల, మూలుగ బొక్కలు, ఎండబెట్టిన తునకలు గుర్తు రాలేదా? చచ్చిన పశువును వాడకు తోలి, కోసింది తింటే అంటరానివాళ్లని పేరు పెట్టిన ఊరు గుర్తు రాలేదా? షాహూ పటోలే మరాఠ్వాడా దళితుల వంటల మీద రాసిన పుస్తకం చదివి కన్నీళ్లు పెట్టుకున్నామని పోస్టులు పెట్టింది మనమే. సముద్రం అవతలి పేగుల కూర దగ్గరికి వచ్చేసరికి నవ్వొచ్చిందా?

వేయించిన చికెన్ సంగతి కూడా చెప్తా. వర్జీనియాలో గోర్డన్స్‌విల్ అనే రైల్వే జంక్షన్ ఉంది. అంతర్యుద్ధం అయ్యాక అక్కడ నల్ల మహిళలు తలమీద పళ్లేలు పెట్టుకుని, రైలు కిటికీల దగ్గర వేయించిన చికెన్ అమ్మేవాళ్లు. ఆ సంపాదనతో ఇళ్లు కట్టుకున్నారు. సైకీ విలియమ్స్‌–ఫోర్సన్ అనే నల్లజాతి పరిశోధకురాలు 2006లో రాసిన పుస్తకానికి పేరు అక్కడి నుంచే పెట్టింది: కోడికాళ్లతో కట్టిన ఇళ్లు. రీల్‌లో చికెన్ డబ్బా చూసి నవ్వారే, అది ఒకప్పుడు బానిసత్వం నుంచి బయటపడ్డ ఆడదాని మొదటి వ్యాపారం. 2022లో ఆమెదే ఇంకో పుస్తకం వచ్చింది. నల్లవాళ్లు నలుగురిలో ఏం తిన్నా వాళ్ల గిన్నెలోకి తొంగిచూసి సిగ్గుపరిచే అలవాటు మీద. మన రీల్‌కు ముందుమాటలా ఉంటుంది.

తొంగిచూడటం గిన్నెతో ఆగలేదు, ఒంటిదాకా పోయింది. సారా బార్ట్‌మన్ అనే దక్షిణాఫ్రికా మహిళను 1810లో లండన్ తీసుకుపోయి, ఆమె పిరుదులు చూపించి టికెట్లు అమ్మారు. 1815లో పారిస్‌లో చచ్చిపోతే శరీరాన్ని కోసి, అవయవాలను మ్యూజియంలో పెట్టారు. 1970ల దాకా జనం చూసి పోయారు. 2002లో గానీ ఆమె మట్టికి ఆమె చేరలేదు. సబ్రీనా స్ట్రింగ్స్ అనే సామాజికశాస్త్రవేత్త 2019లో రాసిన పుస్తకంలో చెప్పేది ఇదే: లావు అంటే అసహ్యం వైద్యం నుంచి పుట్టలేదు, బానిస వ్యాపార కాలంలో నల్ల ఆడదాని ఒంటిని తక్కువ చేసి, తెల్ల ఆడదాని సన్నదనాన్ని నాగరికత చేసే క్రమంలో పెరిగింది, వైద్యం తర్వాత వచ్చి చేరింది. మన ఆసుపత్రుల్లో కూడా గోడకు అంటించే ఆ బీఎంఐ చార్టు ఉంది చూశారా? దాని లెక్క 1830లలో కెట్‌లే అనే బెల్జియం గణితజ్ఞుడిది. ఆయన డాక్టరు కాదు. యూరప్ మనుషుల సగటు కట్టడానికి చేసిన లెక్క అది. 1972లో ఆన్సెల్ కీస్ దానికి ఇప్పటి పేరు పెట్టాడు. బరువుకూ రోగానికీ సంబంధమే లేదని నేననడం లేదు. ఆ చార్టు ముందు నిలబడేముందే ఎవరి ఒళ్లు నేరం అయిపోయిందో చూడమంటున్నా.

మరి రోగం ఎక్కడి నుంచి వచ్చింది?

నేల నుంచి మొదలుపెట్టండి. 1920లో అమెరికాలో 9 లక్షలకు పైగా నల్ల రైతులుండేవాళ్లు. ఇవాళ రైతుల్లో వాళ్లు నూటికి ఇద్దరు కూడా లేరు. అప్పులు ఇవ్వలేదు, బెదిరించారు, మోసం చేశారు, తరిమారు. కూరగాయలు పండించుకునే మనిషి కూరగాయలు కొనుక్కునే మనిషి అయింది. ఆ తర్వాత కొనుక్కునే కొట్టు కూడా లేని పేటలోకి నెట్టబడింది.

తిండిని ఆయుధం చేసిన తీరు ఒకటి చెప్తా. మిసిసిపీలో గ్రీన్‌వుడ్ పట్టణం, 1962 చలికాలం. నల్లవాళ్లు ఓటర్లుగా నమోదు చేసుకోవడం మొదలుపెట్టారు. కౌంటీ పాలకులు ఏం చేశారో తెలుసా? చలికాలంలో పేద కూలీలకు ఇచ్చే ప్రభుత్వ సరుకులు ఆపేశారు. వేలమంది పస్తులు. కమెడియన్ డిక్ గ్రెగరీ విమానంలో సరుకులు వేసుకుని వచ్చాడు. ఓటు అడిగితే కూడు బంద్. చుండూరు ముందు నడిచిన సాంఘిక బహిష్కరణ చదివినవాళ్లకు దీన్ని విడమర్చి చెప్పక్కర్లేదు.

తర్వాత వేషం మారింది. 1968లో మార్టిన్ లూథర్ కింగ్‌ను చంపాక నగరాలు తగలబడ్డాయి. అప్పుడు ప్రభుత్వం, కంపెనీలు కలిసి నల్లవాళ్లకు చూపిన దారి ఏంటంటే ఫాస్ట్‌ఫుడ్ ఫ్రాంచైజీ. ఆ ఏడాది చివర్లోనే షికాగోలో ఒక నల్ల వ్యాపారి చేతికి మెక్‌డొనాల్డ్స్ కొట్టు వచ్చింది. ప్రభుత్వ పూచీ ఉన్న అప్పులు ఇలాంటి కొట్లకు పారాయి. మార్షా షాట్లెన్ 2020లో రాసిన 'ఫ్రాంచైజ్' పుస్తకం ఈ కథంతా విప్పింది, పులిట్జర్ కూడా వచ్చింది. ఆలోచించండి. నష్టపరిహారం అడిగారు, బర్గర్ కొట్టు ఇచ్చారు. తాజా కూరగాయల దుకాణానికి దొరకని అప్పు దానికి దొరికింది. యాభై ఏళ్ల తర్వాత ఆమె చేతిలో డబ్బా చూసి సంస్కృతి అంటున్నారు!

ఇలాంటి పేటలను అక్కడి అధికారులు ఆహార ఎడారులంటారు. న్యూయార్క్ బ్రాంక్స్‌లో ఖాళీ జాగాలను తోటలు చేసిన కరెన్ వాషింగ్టన్ ఆ మాట ఒప్పుకోదు. ఎడారి ప్రకృతి చేస్తుంది, ఇది మనుషులు చేసింది, దీన్ని ఆహార వర్ణవివక్ష అనాలంటుంది. మన భాషలో ఇంకా చిన్న మాట ఉంది: వెలి.

దీనికి పైన రోజూ పడే దెబ్బ ఒకటుంది. ఆర్లీన్ జెరోనిమస్ 1992లో ఒక మాట ముందుకు తెచ్చింది. ఎండకూ వానకూ గోడ పెచ్చులూడినట్టు, ఏళ్లతరబడి వివక్ష మోసిన ఒళ్లు లోపలి నుంచే త్వరగా ముసలిదవుతుందని. రెండు ఉద్యోగాలు, బస్సులో గంటన్నర, ఇంట్లో పిల్లలు, ముసలివాళ్లు. ఆకుకూర రెండు గంటలు ఉడికించే టైము ఎవరి దగ్గరుంది? పాట్‌లికర్ పోయి పొట్లం వచ్చింది ఇందుకే. ఆదివారం ఒక్కరోజు చర్చి అయ్యాక తినే వేపుడు వారమంతా చవగ్గా దొరికే తిండి అయింది. మన దగ్గర పండక్కి తినే బిర్యానీ హాస్టల్ పిల్లలకు రోజూ 99 రూపాయల ఆఫర్ అయినట్టే.

ఇప్పుడు చార్టుల సంగతి. నిజంగా చెప్పాలంటే ఈ భాగం రాయడానికి అసలు కారణం రీల్ కాదు, మా అమ్మ.

మా అమ్మ మున్సిపాలిటీలో రోడ్లు ఊడ్చే కాంట్రాక్టు కార్మికురాలు. తెల్లారి నాలుగింటికి లేస్తది. బీపీ ఎక్కువుందని తెలిశాక హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రికి తీసుకుపోయిన. తిండి గురించి చెప్పే మేడం అమ్మ వయసులో సగం కూడా ఉండదు. "నిన్న పొద్దట్నుంచి ఏం తిన్నావో చెప్పు" అంది. అమ్మ నా దిక్కు చూసింది. "అన్నం, కూరగాయలే మేడం" అంది. నేను పక్కనే ఉన్నా. నోరు మెదపలేదు. మేడం తలూపి చార్టు ఇచ్చింది. ఓట్స్, వెన్న తీసిన పాలు, బ్రౌన్ బ్రెడ్, పనీర్, ఆపిల్, ఆలివ్ నూనె. నాన్‌వెజ్ పూర్తిగా బంద్.

అమ్మ ముందు రోజు తిన్నది తునకల కూర. ఉప్పు పట్టించి దండెం మీద ఎండబెట్టిన పెద్దకూర. పొద్దున సద్దిలో మిరపకాయ తొక్కు. ఆమె ఒంట్లోకి పోయే ఉప్పంతా ఆ రెండింటిలోనే ఉంది. ఆ గదిలో ఆ మాట పలకడానికి లేదు. పలికితే మేడం ముఖం ఎట్లా మారుతుందో అమ్మకు ముప్పై ఏళ్ల అనుభవం. కాబట్టి ఉప్పు గురించి ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. తునకలను వేడినీళ్లలో నానబెట్టి రెండుసార్లు పిండి వండుకోమ్మా, తొక్కు తగ్గించమ్మా అని చెప్తే సరిపోయేది. ఓట్స్ వారం తిన్నది. పాలు తాగితే కడుపు ఉబ్బింది. చార్టు బియ్యం డబ్బా మీద మూతకింద చేరింది. ఎనిమిది నెలలకు మూతి వంకరపోయింది, ఎడమ చెయ్యి పడిపోయింది. బతికింది. చీపురు మాత్రం ఇప్పుడు ఒక చేత్తోనే.

బీఫ్ ఫెస్టివల్ మీద వ్యాసం రాసిన నేను ఆ గదిలో నోరు మూసుకుని కూర్చున్నా. అది నా లెక్కలో రాసుకోండి.

అందుకే అంటున్నా, సిగ్గు కూడా బీపీ పెంచుతుంది. పేషెంటు అబద్ధం చెప్పాల్సి వచ్చే గదిలో వైద్యం జరగదు. అమెరికాలో డైటీషియన్ల లెక్క తీస్తే నల్లవాళ్లు నూటికి ఐదుగురు కూడా లేరు. తను ఏం వండుతుందో చెప్తే ఎదుటి ముఖం ఎట్లా మారుతుందో తెలిసిన ఆడవాళ్లు అక్కడెందరో. పాల సంగతి కూడా చూడండి. నల్లజాతి పెద్దవాళ్లలో ఎక్కువమందికి పాలలోని చక్కెర అరగదు. అయినా ప్రభుత్వ ఆహార సూచికల్లో పాలు అందరికీ తప్పనిసరి వరస. దీన్ని జాతి పక్షపాతం అని పేరు పెట్టి 1999లో నల్లజాతి వైద్యుల సంఘం పత్రికలోనే వ్యాసం వచ్చింది. అరగని ఒంటిని రోగం అన్నారు, అరిగే ఒంటిని మామూలు అన్నారు. ప్రపంచంలో పెద్దవాళ్లలో ఎక్కువమందికి పాలు సరిగా అరగవన్నది ఎవరికీ గుర్తు రాలేదు.

ఇక్కడొక ఇంటిగొడవ కూడా చెప్పకుండా పోతే మోసం. అవమానించింది తెల్లవాళ్లే కాదు. నేషన్ ఆఫ్ ఇస్లాం నాయకుడు ఎలిజా ముహమ్మద్ 1967లో తిండి మీద పుస్తకం రాసి, పందినే కాదు, కొలార్డ్ ఆకులు, బొబ్బర్లు, చిలగడదుంపలు, మొక్కజొన్న రొట్టె కూడా బానిస తిండి అని మానెయ్యమన్నాడు. గ్రీన్‌వుడ్‌కు తిండి మోసిన డిక్ గ్రెగరీ కూడా తర్వాత ఆ పాత వంటకు ఎదురు తిరిగాడు. అందులో కొంత న్యాయం ఉంది. ఉప్పు, కొవ్వు, చక్కెర చంపుతున్నాయని వాళ్లు ముందే అరిచారు. కానీ బొబ్బర్లు ఏం పాపం చేశాయి? విముక్తి పేరుతో అమ్మ పొయ్యినే నిందించడం అది. మనలో కూడా చదువుకున్నాక పెద్దకూర మానేసి, మెట్లెక్కినట్టు ఫీలయ్యేవాళ్లు లేరా? ఇంకో దిక్కు, అమ్మమ్మ వంట అని కవితలు రాసే మగవాళ్లు పొయ్యి దగ్గరికి మాత్రం రారు. అక్కడా ఇంతే. నిలబడి కలిపే చెయ్యి ఆమెదే, బీపీ ఆమెదే.

ఇప్పుడు ఎన్జీవోలకు, యూనివర్సిటీలకు కొత్త మాట దొరికింది. "సంస్కృతిని కలుపుకుపోయే పోషకాహారం." వినడానికి బాగుంది. కలుపుకుపోయేది ఎవరు? ఎవరి ఇంట్లోకి? పాత కరపత్రం మీద తెల్ల అమ్మాయి బొమ్మ తీసి నల్ల అమ్మాయి బొమ్మ పెట్టి, సలాడ్ అలాగే ఉంచితే దాన్ని కలుపుకోవడం అనను. ఒక పాన్‌కేక్ కంపెనీ నల్ల వంటామె ముఖాన్ని డబ్బా మీద 130 ఏళ్లు అతికించుకుని చక్కెర పాకం అమ్ముకుంది. బొమ్మ ఎప్పుడూ వాళ్లకు ఇబ్బంది కాలేదు.

పనిచేసినవి ఉన్నాయి. అవి ఎందుకు పనిచేశాయో చూడాలి.

డ్యాష్ అని ఒక ఆహార పద్ధతి ఉంది, బీపీ ఉన్నవాళ్లకు మన డాక్టర్లు కూడా చెప్తారు. 1997లో దాని ఫలితాలు అచ్చయ్యాయి. 459 మందిలో దాదాపు 60 శాతం నల్లజాతివాళ్లు. బీపీ ఉన్న నల్లవాళ్లలో పై అంకె దాదాపు 13 పాయింట్లు పడింది. ఒక మాత్ర వేసుకుంటే తగ్గేంత. అందరూ ఇది చెప్తారు. చెప్పనిది ఏంటంటే, ఆ పరిశోధనలో వాళ్లకు చార్టు ఇవ్వలేదు, వండిన తిండి ఇచ్చారు. పూటపూటకూ, ఉచితంగా. తిండి పెడితే బీపీ తగ్గింది. తర్వాత జనం చేతికొచ్చింది మాత్రం కాగితం.

2015లో ఇంకొకటి. పిట్స్‌బర్గ్‌లోని 20 మంది నల్లజాతివాళ్లకు రెండు వారాలు దక్షిణాఫ్రికా పల్లె పద్ధతిలో పీచు ఎక్కువ, కొవ్వు తక్కువ తిండి పెట్టారు. దక్షిణాఫ్రికా పల్లెలోని 20 మందికి అమెరికా తిండి పెట్టారు. రోజుకు 14 గ్రాములున్న పీచు 55 గ్రాములకు పెరిగింది అమెరికావాళ్లకు. రెండంటే రెండు వారాల్లో వాళ్ల పెద్దపేగులో క్యాన్సర్ ముప్పు గుర్తులు తగ్గాయి, అటువైపు వాళ్లలో పెరిగాయి. రక్తంలో, జాతిలో ఉందని చెప్పే రోగం రెండు వారాల్లో దిక్కు మార్చింది. పెట్టిన తిండిలో బెండకాయ, బొబ్బర్లు, మొక్కజొన్న ఉన్నాయి. అమ్మమ్మ గిన్నెలోవే.

బోస్టన్‌కు చెందిన ఓల్డ్‌వేస్ సంస్థ 2011లో ఆఫ్రికా వారసత్వ ఆహార పిరమిడ్ తయారుచేసింది. ఆకుకూరలకు అందులో పెద్ద పీట. దాంతోపాటు చర్చిల్లో, పేటల్లో ఆరు వారాల వంట క్లాసులు. కలిసి వండటం, కలిసి తినడం. పంది కాలు బదులు పొగపట్టిన టర్కీ ముక్క, ఉప్పు బదులు వెనిగర్, మిరపకాయ. బ్రయంట్ టెర్రీ లాంటి వంటవాళ్లు పాత వంటను మాంసం లేకుండా కొత్తగా వండి చూపించారు. ఇక్కడ ఎవరూ నీ అమ్మ తప్పు అని మొదలుపెట్టలేదు.

కానీ ఇదంతా ఫాన్నీ లూ హేమర్‌కు 1969లోనే తెలుసు. మిసిసిపీ సన్‌ఫ్లవర్ కౌంటీలో పత్తి ఏరిన కూలీ. 1961లో ఆమెకు చెప్పకుండానే గర్భసంచి తీసేశారు. 1962లో ఓటు నమోదుకు పోయినందుకు 18 ఏళ్లు పనిచేసిన తోట నుంచి వెళ్లగొట్టారు. 1963లో జైల్లో చితకబాదారు. ఆమె చార్టు రాయలేదు. 40 ఎకరాలు కొని ఫ్రీడం ఫార్మ్ అనే సహకార సంఘం పెట్టింది. చిక్కుళ్లు, బెండ, చిలగడదుంప, ఆకుకూరలు. దానితోపాటు పందుల బ్యాంకు. కుటుంబానికో ఆడపంది ఇస్తారు, పుట్టిన పిల్లల్లో కొన్ని బ్యాంకుకు తిరిగి ఇవ్వాలి, అవి ఇంకో ఇంటికి పోతాయి. చూశారా, పందిని మానమనలేదు, పందికి యజమానురాలిని చేసింది. ఆకలితో ఓటును కొనే భూస్వామి చేతిలోంచి తిండి లాక్కుంటేనే ఓటు నిలుస్తుందని ఆమెకు తెలుసు. అదే 1969లో ఓక్లండ్‌లో బ్లాక్ పాంథర్లు పిల్లలకు పొద్దుటి ఉచిత భోజనం మొదలుపెట్టారు. వండింది ఎక్కువగా అక్కడి ఆడవాళ్లే. మూడేళ్లకు ఆ పేరు చూసే బొంబాయిలో దళిత్ పాంథర్స్ పుట్టింది. పేరు తెచ్చుకున్నాం. పొద్దుటి భోజనం తెచ్చుకోలేదు.

ఫ్రీడం ఫార్మ్ డబ్బు లేక 1970ల మధ్యలో మూతపడింది. 1977లో హేమర్ 59 ఏళ్లకే పోయింది. రొమ్ము క్యాన్సర్, బీపీ. ఆ మరణంలో కూడా తినడం తెలియనితనం కనిపిస్తే ఎమోజీ పెట్టండి.

మా అమ్మకు ఈ మధ్య ఒక వీడియో చూపించిన. నార్త్ కరోలినాలో ఒక నల్లజాతి పెద్దామె సింకు ముందు నిలబడి పంది పేగులు కడుగుతోంది. అమ్మ ఫోన్ దగ్గరికి జరుపుకుని చాలాసేపు చూసింది. "వీళ్లూ బోటి కడుగుతరా బిడ్డా?" అంది. కడుగుతరమ్మా అన్నా. ఇంకా కొంచెంసేపు చూసి, "నీళ్లు సరిపోలే. సున్నం ఏసి ఇంకో రెండు నీళ్లు కడగాలని చెప్పు" అంది.

ఇప్పుడు తునకలు నానబెట్టి పిండి వండుతున్నం. పిండేది నేను, ఆమెకు ఒక చెయ్యి రాదు కాబట్టి.

వచ్చే భాగంలో అంగన్‌వాడీ గుడ్డు గురించి. ఈలోపు ఆ ఆరుగురు గ్రూపులోకి పోయి ఆ నవ్వులు తీసెయ్యండి.

జై భీం.